గౌరి ప్రార్థనకు వెళ్లిన శుక్రవారం

సహోదరీ సహోదరులారా, మూడేళ్ల క్రితం ఇదే గరివిడి మందిరంలో, ఇదే మైకు పట్టుకుని నేను చెప్పిన సాక్ష్యం అబద్ధం. ఆ రోజు మీరంతా హల్లెలూయ అన్నారు, నాకు శాలువా కప్పారు. ఆ శాలువా ఇవాళ వెనక్కి తెచ్చాను, ఈ బల్ల మీద పెడుతున్నాను.

విశాఖపట్నంలో ఒక ఆసుపత్రి రోగుల వివరాలుండే డేటాబేస్ చూసుకునే ఉద్యోగం నాది. మన సంఘం పిల్ల గౌరిది నా పక్క సీటే. శుక్రవారం శుక్రవారం ఆమె ఉపవాసముండి, భోజనాల వేళ మేడ మీదికి వెళ్లి ప్రార్థన చేసుకునేది. మొదట్లో నేనూ వెళ్లేవాణ్ణి, తరువాత క్యాంటీన్ బిర్యానీకి అలవాటుపడ్డాను. అలాంటి ఒక శుక్రవారం నా కంప్యూటర్ మొరాయిస్తే, ఆమె తన పేరుతో తెరిచి వదిలిన కంప్యూటర్ ముందు కూర్చుని, పనికిరాని నమూనా వివరాలనుకుని అసలు రోగుల వివరాలే చెరిపేశాను! సాయంత్రానికి బ్యాకప్ నుంచి నేనే అన్నీ తిరిగి తెచ్చి వీరుణ్ణయ్యాను, చెరిపింది మాత్రం గౌరి అని రికార్డులో పడింది.

ఆ వేళ ప్రార్థనలో ఉన్నానని ఆమె ఏడుస్తూ చెబితే ఎవరూ నమ్మలేదు. నిజం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాను. ఆమె ఉద్యోగం పోయింది. నేనేమో ఇక్కడికొచ్చి, దేవుడు నా చేతులతో అద్భుతం చేశాడని చెప్పాను! గౌరి ఏం పాపం చేసిందోనని మీరు గుసగుసలాడారు, ఆమె మందిరానికి రావడం మానేసింది.

ఈమధ్య విశాఖలో పెద్ద డేటాబేస్ సదస్సు జరిగింది, పోయిన వివరాలు తిరిగి తెచ్చిన కథ చెప్పమని నన్ను పిలిచారు. వేదిక మీద నా వెనక తెర నిండా ఆ రికార్డే: శుక్రవారం, మధ్యాహ్నం ఒంటిగంటన్నర, గౌరి పేరు. ఇంతకీ చెరిపింది నిజంగా ఈ అమ్మాయేనా అని ముందు వరుసలో ఒక పెద్దాయన అడిగాడు. మూడేళ్లుగా మోకరిస్తే చాలు, నాకు ఆ శుక్రవారమే గుర్తొచ్చేది, ఒక్క ప్రార్థనా పూర్తయ్యేది కాదు. అక్కడే, మైకు ముందే, కళ్లు మూసుకున్నాను: "ప్రభువా, నీ పేరు సెప్పి అబద్దమాడిన నోరిది, ఇప్పుడు నువ్వే నిజం సెప్పించు."

చెప్పించాడు! చెరిపింది నేనేనన్నాను. చప్పట్లు లేవు, వారం తిరక్కుండా ఉద్యోగమూ లేదు, అయినా సదస్సు రోజు రాత్రి ఇంటికెళ్లి మనసారా ప్రార్థన చేసుకున్నాను. దేవునికే మహిమ!

సదస్సయిన మరునాడే, ఈ ఊళ్లోనే ఉన్న గౌరి ఇంటికి క్షమాపణకు వెళ్లాను. గుమ్మంలోనే ఆపేసింది. "సాక్ష్యం ఊరంతా ఇనీలాగ సెప్పావు కదా అన్నయ్యా, తప్పు ఒప్పుకోడానికి ఒక్కడివే వొచ్చీసినావేటి?"

ఆమె క్షమించలేదు, నేను అడగలేను కూడా. కానీ నాలాంటివాణ్ణి అబద్ధం నుంచి విడిపించిన దేవుణ్ణి నమ్మండి, మీరు దాచుకున్నదీ ఆయన ముందు పెట్టండి. ఇవాళ మాత్రం హల్లెలూయ ఇక్కడ అనకండి. చెప్పులేసుకుని నాతో గౌరి గుమ్మం దాకా రండి.