పథ్యంలో పడ్డ లగ్గం

ఆ రోజుల్లో నా ముఖం నాది కాదు, ఇంటిల్లిపాదిదీ. పొద్దున లేచిన వాళ్లు లేచినట్టే ముందు దాన్ని చూసి, ఒక నిట్టూర్పు విడిచి, ఆ తర్వాతే చాయ్ తాగేవాళ్లు. డిగ్రీ చివరి సంవత్సరం. నుదురు, బుగ్గలు, గడ్డం, ఎక్కడా జాగా లేకుండా మొటిమలు. వేరే ఊళ్లో అయితే వయసు చేసే అల్లరి అని వదిలేసేవారేమో. మాది ఆర్మూర్, అందులోనూ పసుపు పండించే ఇల్లు. పెరట్లో పసుపు, మిద్దె మీద పసుపు, ఆరేసిన బట్టల మీద పసుపు. అలాంటి ఇంటి పిల్లకు ముఖం నిండా మొటిమలంటే నాయనమ్మ లెక్కలో అది పంటకే చెడ్డపేరు. "మన పసుపు కొనేటోడు నీ మొకం జూస్తె బేరం ఇడిసిపెట్టి పోతడే పిల్లా" అనేది. అని ఊరుకుంటుందా? పసుపులో పెరుగు కలిపి ఒకరోజు, సెనగపిండి కలిపి ఒకరోజు, వేపాకు నూరి ఒకరోజు నాకు పట్టించేది. (మొటిమలు పోలేదు. పసుపు పూసుకుని పండక్కి తయారైనట్టు ఇంకా కళకళలాడాయి.)

అప్పుడే రెండు కబుర్లు వెంటవెంటనే వచ్చాయి. అంకాపూర్‌లో ఒక విత్తనాల కంపెనీ వాళ్లు తమ ల్యాబ్‌లో పనికి నన్ను తీసుకుంటామన్నారు, పరీక్షలు అయిపోయాక జూన్‌లో వచ్చి చేరమన్నారు. తడి కాగితం మీద గింజలు పేర్చి ఎన్ని మొలకెత్తాయో చూసే పని. చెబితే నవ్వుతారు గానీ, ఆ మొలకలంటే నాకు పిచ్చి. ఆ ఉద్యోగం దొరికిన రోజు మిద్దె మీద పసుపు కొమ్ముల మధ్య నిలబడి గెంతులు వేశాను. రెండో కబురు మేనత్త తెచ్చింది. మామయ్య తరఫు చుట్టాలబ్బాయి, దుబాయ్‌లో ఏసీ మెకానిక్, సెలవు మీద వస్తున్నాడు, తిరిగి పోయేలోపు లగ్గం చేసి పంపాలట. "మరి నా నౌకరి?" అన్నాను. "గది మీ అత్తగారోల్లు జూసుకుంటరు తీ" అంది అమ్మ, కూరలో ఉప్పు సంగతి మాట్లాడినంత తేలిగ్గా. బాపు చాయ్ గ్లాసు పట్టుకుని పెరట్లోకి పోయాడు. ఇలాంటి మాటలప్పుడు ఆయనకెప్పుడూ బయటే పనుంటుంది.

మేనత్త అసలు బెంగ వేరే. "వదినె, గీ మొకంతోని చూపులకు కూసోవెడ్తవా? నడువు, నిజామాబాద్‌ల చర్మం డాక్టరమ్మకు చూపిద్దాం" అని అమ్మనూ నన్నూ బస్సెక్కించింది. డాక్టరమ్మ నా బుగ్గలు అటూ ఇటూ తిప్పి చూసి, "పెళ్లి మాటలేమైనా నడుస్తున్నాయా అమ్మా?" అని అడిగింది. మా దగ్గర సంబంధం ఖాయమయ్యే దాకా బయట ఎవరికీ చెప్పరు, దిష్టి తగిలి తప్పిపోతుందని. కనుక మేనత్తా అమ్మా ఒకేసారి, "అయ్యో, లేదు మేడం! పిల్ల ఇంక చిన్నది" అన్నారు. డాక్టరమ్మ సరేనని మందు రాసి, గర్భం సంగతి ఏదో మొదలుపెట్టగానే అమ్మ నావైపు తిరిగి, "నువ్ జర బయట కూసో పో" అంది. గోలీలు మింగేది నేను, బయట కూర్చున్నదీ నేనే! లోపల అమ్మ బుద్ధిగా తలూపిందట, అవన్నీ పెళ్లయిన వాళ్ల ముచ్చట్లు, మనకెందుకులే అనుకుంటూ.

ఇక ఆ గోలీల మహిమ చెప్పాలి. చూడ్డానికి చిన్నవి. నెయ్యో పాలో ఉన్న అన్నంతో వేసుకోవాలని చెబితే, "డాక్టరమ్మ తెలివిగలదే" అని నాయనమ్మ మొదటిసారి వైద్యశాస్త్రాన్ని మెచ్చుకుంది. వారం తిరిగేసరికి పెదవులు ఎండాకాలం చెరువులా నెర్రెలు విచ్చాయి. నవ్వితే చీలిక, ఆవులిస్తే చీలిక, పచ్చికారం తగిలితే నేరుగా స్వర్గం. కళ్లు పొడిబారి మండేవి. ముఖం పొరలు పొరలుగా లేచి ఎర్రగా మారింది. ఎండ తగలొద్దని డాక్టరమ్మ ఆజ్ఞ. మా ఇంట్లో ఏమో ఉడకబెట్టిన పసుపు ఆరబోసే రోజులు. నేను ముఖానికి చున్నీ చుట్టుకుని, పైన గొడుగు పట్టుకుని కళ్లంలో కొమ్ములు తిరగేస్తుంటే, పనికి వచ్చిన ఆడవాళ్లు "దొరసాని వచ్చె, జరుగున్రి" అని ఒకటే నవ్వు. నాకూ నవ్వొచ్చేది. కానీ నవ్వితే పెదవి తెగుతుంది, ఏం చేస్తాను!

చూపుల రోజు రానే వచ్చింది. మొటిమలు చాలావరకు తగ్గాయి, మిగతావన్నీ అలాగే ఉన్నాయి. నేనొక పథకం వేసుకున్నాను: గడగడా మాట్లాడేయాలి, ఉద్యోగం చేస్తానని మొహం మీదే చెప్పేయాలి, వాళ్లే దండం పెట్టి లేచిపోవాలి. తీరా కూర్చున్నాక నోరు తెరిస్తే రెండు పెదవులూ చెరో దిక్కు చీలేలా ఉన్నాయి. అడిగిన దానికల్లా తలూపాను. కళ్లు మండి నీళ్లు కారుతుంటే తల వంచుకుని కొంగుతో ఒత్తుకున్నాను. అబ్బాయి తల్లి కరిగిపోయింది. "ఎంత సిగ్గు! మొకం ఎట్ల ఎర్రవడ్డదో జూడున్రి. తల్లిగారిల్లు ఇడువాలంటె ఇప్పుడే కండ్లల్ల నీల్లు వెట్టుకుంటున్నది. గింత నెమ్మది పిల్ల మల్ల దొరుకుతదా?" అని అక్కడికక్కడే ఖాయం చేసేసింది. నేను కాదని అరవబోయాను. "మ్మ్" అని మాత్రమే వచ్చింది. దాన్ని కూడా ఒప్పుకోలు కింద వేసుకున్నారు. ఆ రాత్రి నిజంగానే ఏడ్చాను, మొలకల కోసం.

లగ్గం ఇంకా కొన్ని వారాలుందనగా ఆ గోలీలు వాడేవాళ్లకు చేసే రక్తపరీక్షకని మళ్లీ నిజామాబాద్ పోయాం. ఇప్పుడు సంబంధం ఖాయమైంది కదా, ఇక దాపరికం దేనికని మేనత్త ఏకంగా పేడాల డబ్బా పట్టుకొచ్చింది. "మీ చెయ్యి మంచిది మేడం. పిల్లకు లగ్గం కుదిరింది, మీరు తప్పకుండ రావాలె." డాక్టరమ్మ చేతిలోకి తీసుకున్న పేడా మళ్లీ డబ్బాలో పెట్టేసింది. "ఆ రోజు అంత వివరంగా చెప్పాను కదమ్మా! ఈ మందు వాడుతుండగా గర్భం వస్తే పుట్టే బిడ్డకు అవకరాలు వస్తాయి. ఇప్పుడు ఆపేసినా ఇంకో నెల జాగ్రత్తగా ఉండాలి. పెళ్లి చేసుకోవద్దని నేను అనడం లేదు. పిల్లలు పుట్టకుండా చూసుకోవాలి, అంతే. అబ్బాయికీ వాళ్లింటి వాళ్లకీ ముందే చెప్పండి."

అంతే అంటుందేమిటి! తిరిగొచ్చే బస్సులో అమ్మా మేనత్తా పేడాల డబ్బాను ఒకరి ఒళ్లోంచి ఒకరి ఒళ్లోకి నెట్టుకున్నారు. ఇంటికి రాగానే పంచాయితీ మొదలైంది. "గీ ముచ్చట వాల్లకు ఎవలు చెప్పాలె?" అంది అమ్మ. "నన్ను జూడకు వదినె, నా మొగని తరఫోల్లు, నా మొకం ఏడ వెట్టుకోవాలె?" అంది మేనత్త. "మల్ల సెలవు వరకు మనుమడు కావాలని ఆయమ్మ ఇప్పటికే అంటున్నది. గట్లాంటామెకు ఏమని చెప్తం?" ఇద్దరూ బాపు వైపు చూశారు. బాపు భుజం మీద తువ్వాలు సర్దుకుని, "కొమ్ములు తిరగెయ్యాలె" అంటూ కళ్లం దారి పట్టాడు.

అంతదాకా మూలన కూర్చుని నెయ్యి గిన్నె తుడుస్తున్న నాయనమ్మ, "గా పిలగాని తల్లికి ఫోన్ కలుపున్రి" అంది. స్పీకర్ పెట్టించి, ఏ తడబాటూ లేకుండా, "బిడ్డా, మా పిల్ల మందు తింటున్నది. ఇంక తినేటి గోలీలు మస్తున్నయ్. మందు పథ్యం మీదున్న పిల్లకు లగ్గమెట్ల జేస్తం? మల్ల సెలవుకు జూసుకుందాం" అంది. అవతల నుంచి క్షణం ఆలస్యం లేకుండా, "పథ్యమా? అయ్యో, అట్లయితె ఆగాలె గద!" అని జవాబొచ్చింది. అంతే! డాక్టరమ్మ ఇంత శాస్త్రం చెబితే ఇల్లు అతలాకుతలమైంది. పథ్యం అన్న ఒక్క మాటతో అన్నీ చల్లబడ్డాయి. ఫోన్ పెట్టేసి నాయనమ్మ అమ్మ వైపు తిరిగింది. "గప్పటిదాక పిల్ల ఇంట్ల కూసోని ఏం జేస్తది? నౌకరికి పోనియ్." నేను పోయి ఆమెను గట్టిగా వాటేసుకున్నాను. పెదవి చీలింది. చీలితే చీలిందని నవ్వాను.

జూన్‌లో ల్యాబ్‌లో చేరాను. దుబాయ్ నుంచి ఆ అబ్బాయి ఊరికే బాగోగులు అడుగుదామని ఒకసారి ఫోన్ చేశాడు. అప్పటికి గోలీలు అయిపోయి పెదవులు బాగుపడ్డాయి కాబట్టి మొలకల గురించి ఆపకుండా చెప్పాను. అంతా విని "నేను చూసిన పిల్లవి నువ్వేనా?" అన్నాడు. ఆ తర్వాత వారం వారం, ఈసారి ఎన్ని మొలిచాయని అడగడానికే ఫోన్ చేసేవాడు. అతను మళ్లీ సెలవుకు వచ్చినప్పుడు, ఉద్యోగం మానను అన్న మాట ముందే చెప్పి, అతన్నే చేసుకున్నాను. ఇప్పుడు ఆర్మూర్‌లోనే ఏసీల దుకాణం పెట్టుకున్నాడు, నేనింకా మొలకలు చూస్తూనే ఉన్నాను. నాయనమ్మ పోయేదాకా నా ముఖం బాగుపడింది పసుపుతోనే అని ఊరందరికీ చెప్పింది. నేనెప్పుడూ కాదనలేదు. మా అత్తమ్మ ఇప్పటికీ వచ్చిన వాళ్లందరితో, "చూపులల్ల గంత నెమ్మదిగ కూసున్న పిల్ల ఏడికి పోయిందో ఏమో" అంటుంది. ఏటా చలికాలం పెదవులు పగిలినప్పుడు మాత్రం ఆ పిల్ల నాలుగు రోజులు తిరిగొస్తుంది. మా ఆయన పేపరు చాటున, "ఎంత నెమ్మదిగున్నది ఇయ్యాల ఇల్లు" అని గొణుక్కుంటాడు. నేను వంటింట్లోకి పోయి, నాయనమ్మ నెయ్యి గిన్నెలో వేలు ముంచి, పెదవులకు బాగా పట్టించుకుని వచ్చి, అతని ఎదురుగా తీరిగ్గా కూర్చుంటాను.