మనిషికో ప్రయాణ సమయం

ఎంక్వైరీ బాబాయ్‌కి లోకంలో ఒక్కటే చేతకాదు: ఇద్దరికి ఒకే ప్రయాణ సమయం చెప్పడం. ఆ చిన్న విమానాశ్రయం నుంచి కొండల అవతల ఉన్న మరో చిన్న విమానాశ్రయానికి పొద్దున ఒక విమానం వెళ్లి సాయంత్రం తిరిగొస్తుంది. దూరం నూట తొంభై కిలోమీటర్లు, సమయం నలభై ఐదు నిమిషాలు. ఆ ముక్క ఆయన తల వెనకే గోడ మీద ఇంతింత అక్షరాల్లో రాసి ఉంది. అయినా సరే, చంకలో పాపతో వచ్చినావిడకి గంటన్నర అంటాడు. హడావిడిగా వచ్చిన కాంట్రాక్టరుకి రెండు గంటలు. చేతికర్ర పెద్దాయనకైతే "ఇలా కూర్చుని అలా లేవడమే!" ముగ్గురిదీ ఒకే విమానం, ఒకే వరస.

ఫిర్యాదులన్నీ వచ్చి కొత్త మేనేజరమ్మ బల్ల మీద పడేవి.

"బాబాయ్ గారూ, బోర్డు చూసి చెప్పడానికి మీకేం కష్టం?"

"బోర్డు విమానం సంగతి చెప్తుందమ్మా. నన్నడిగేది మనుషులు కదా!"

"పోనీ, దూరం ఎంత?"

"నూట తొంభై."

"హమ్మయ్య!"

"అంటే, సామాను లేనివాళ్లకి."

మేనేజరమ్మ తల పట్టుకుంది. ఈలోగా కాంట్రాక్టరు ఏకంగా హెడ్డాఫీసుకే ఎక్కాడు. బాబాయ్‌ని సామాన్ల గదికి మారుస్తున్నట్టు ఉత్తరం రాసి, పైవాళ్ల సంతకానికి స్వయంగా పట్టుకురమ్మని ఆవిడకి కబురొచ్చింది. ఇరవై రెండేళ్లుగా అదే కుర్చీ ఆయనది. సామాన్ల గదిలో పెట్టెలు ఆయన్ని ఏమీ అడగవు. ఉత్తరం రాస్తుంటే ఆవిడ ప్రాణం ఉసూరుమంది.

హెడ్డాఫీసు కొండల అవతల. వేలమందిని విమానం ఎక్కించిన మేనేజరమ్మ తను మాత్రం ఒక్కసారీ ఎక్కలేదు. ఆ సంగతి ఎవరికీ తెలియనివ్వలేదు కూడా.

ప్రయాణం రోజు పొద్దున్నే ఎంక్వైరీ ముందు నిలబడింది. ఎదురుగా బోర్డు. దానికి కొత్త రంగు వేయించింది ఆవిడే.

"బాబాయ్ గారూ... ఎంతసేపు పడుతుంది?"

బాబాయ్ ఆవిడ చేతుల వైపు చూశాడు. టికెట్టు అప్పటికే ఎనిమిది మడతలైంది.

"మీకు పదిహేను నిమిషాలమ్మా. పైకి లేచేటప్పుడు ఎలాగూ కళ్లు మూసుకుంటారు, అది లెక్కలోకి రాదు. దిగేటప్పుడు నేల కనిపిస్తూనే ఉంటుంది, అదీ రాదు. మిగిలింది పదిహేను."

ఒళ్లు మండింది గానీ, కాళ్లు విమానం వైపు కదిలాయి.

గాల్లో కళ్లు తెరిచేసరికి పక్క సీట్లో ఎయిర్‌హోస్టెస్ కూర్చుని ఉంది.

"ఎంక్వైరీ బాబాయ్ ఫోన్ చేశారు మేడమ్. 'నాలుగో వరసలో మా అమ్మాయి ఉంది, కొండలు దాటేదాకా కబుర్లు చెప్పు' అన్నారు."

"నాకోసమా?"

"రోజూ ఎవరో ఒకరి కోసం చేస్తారు. పాప తల్లి ఇంకో పాలసీసా నింపుకుంటుందని గంటన్నర చెప్పారట. ఆ రోజు వానకి గాల్లో చక్కర్లు కొట్టాం, ఆ రెండో సీసాయే ఆదుకుంది! కాంట్రాక్టరు గారికేమో బీపీ. మీటింగు వెనక్కి జరుపుకుని, దిగాక నింపాదిగా టిఫిన్ చేస్తారని రెండు గంటలు."

మేనేజరమ్మకి సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. కింద కొండలు ఎప్పుడు దాటిపోయాయో చూసుకోనేలేదు.

హెడ్డాఫీసులో పై అధికారి చెయ్యి చాపాడు. "ఉత్తరమేదీ?"

"ఇవ్వను సార్. ఆయన్ని మార్చడం కుదరదు."

"ఏం, ఎందుకని?"

"సాయంత్రం విమానం ఎక్కేముందు నేనాయనకి ఫోన్ చేయాలి సార్. సామాన్ల గదిలో ఫోన్ లేదు."