అభ్యర్థులు బయటికి వెళ్లాలి

మా బందరు చర్చి యువజన సంఘంలో ఒక ఆచారం ఉంది. పదవికి ఎవరి పేరు ప్రతిపాదిస్తే వాళ్లు లేచి బయటికి వెళ్లిపోవాలి. మిగిలినవాళ్లు లోపల కూర్చుని ఆ మనిషి మంచిచెడ్డలు ప్రేమతో చర్చిస్తారు. ఇంకొకటి కూడా ఉంది గానీ దాన్నెవరూ ఆచారం అనుకోరు: చేతికి మైకు రానిదే మావాళ్లు నోరు విప్పరు. పట్టుమని పాతికమంది లేని గదిలోనైనా సరే, మైకు వచ్చేదాకా గొంతు సవరించుకుంటూ కూర్చుంటారు.

ఆ ఏడు సెక్రటరీ పదవికి రెండు పేర్లు వచ్చాయి. ఒకటి బ్యాంకు ఉద్యోగిది. ఆయన ఊళ్లో లేడు కాబట్టి బయటికి పంపే శ్రమ తప్పింది. రెండోది, కృత్తివెన్ను నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన, మేమంతా ‘అన్నా’ అని పిలిచే మనిషిది. రొయ్యల చెరువుల మీద పని. క్రిస్మస్‌కి స్టేజీ కట్టినా, పెళ్లికి కుర్చీలు వేసినా ఆయనే. గుడివాడలో ఆయన బావమరిది పదిమందిలోనూ ఆయన్ని ‘రొయ్యల బావ’ అని పిలుస్తాడు. ఆ పిలుపు మాన్పించాలని, “ఈసారి సెక్రటరీని నేనే, వచ్చి చూడు” అంటూ అన్నే అతన్ని పిలిపించుకున్నాడు. వచ్చాడు. ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు.

నా పేరు కూడా ఎవరో సరదాకి స్పోర్ట్స్ సెక్రటరీకి చెప్పడంతో నేనూ బయటపడ్డాను. వరండాలో అన్న, ఆయనతో పాటు లేచి వచ్చిన వదిన, బావమరిది, నేను. మా నెత్తి మీద, ఆదివారం లోపల చోటు దొరకనివాళ్ల కోసం పెట్టిన లౌడ్‌స్పీకరు. దాన్ని ఆపాలని లోపల ఎవరికీ తోచలేదు.

ముందు నా సంగతి తేల్చారు. “వాడా? ప్రార్థనలో కూడా కిసుక్కుమంటాడండీ.” అక్కడితో నా రాజకీయ జీవితం ముగిసింది.

తర్వాత టీచరమ్మ గొంతు. “మనిషి బంగారం అండీ.” మా దగ్గర బంగారం అన్నారంటే పనైపోయినట్టే. “కానీ సెక్రటరీ అంటే కలెక్టరాఫీసుకి వెళ్లాలి కదా. పక్కన నించుంటే రొయ్యల మేత వాసనండీ.”

వదిన కొంగు సర్దుకుంది.

“అన్నా, టీ తాగొద్దాం రా,” అన్నాను.

“పిలుస్తారేమోరా,” అన్నాడు.

ఈసారి ప్రెసిడెంటుగారు. “ఒక్క మాట అడుగుతానండీ. కుర్చీలు వేసే మనిషిని తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెడితే, రేపట్నుంచి కుర్చీలెవరు వేస్తారు?”

అందరూ నవ్వారు. లౌడ్‌స్పీకర్లో నవ్వు ఇంకా నిండుగా ఉంటుంది. వీధిలో ఆటో కూడా ఆగింది.

“సౌండు మాత్రం బాగుంది బావా,” అన్నాడు బావమరిది.

అన్ననీ నన్నూ లోపలికి పిలిచారు. ప్రెసిడెంటుగారు అన్న భుజం మీద చెయ్యి వేసి, “మీరంటే అందరికీ ఎంతో గౌరవం అండీ. కాకపోతే...” అని మొదలుపెట్టారు.

“తెలుసండీ. బయటికి వినపడింది.”

సిగ్గు పడతారేమో చూద్దామని నేను కాస్త ముందుకు జరిగాను కూడా. ప్రెసిడెంటుగారు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు.

“విన్నారా? పోన్లెండి, మళ్లీ చెప్పే బాధ తప్పింది. ఏకగ్రీవం అయితే సంఘానికి గౌరవం. ఆ బ్యాంకాయన పేరు మీ నోటితోనే చెప్పండి.” మైకు అందించారు.

అన్న బ్యాంకాయన పేరు, ఇంటిపేరుతో సహా, ఒక్కచోట కూడా తడబడకుండా చెప్పాడు. లోపల అందరూ ఆమెన్ అన్నారు. బయట వరండాలో మాత్రం ఒక్కరే చప్పట్లు కొట్టారు. అది వదిన కాదు.