ఎనభై రెండో వాక్యం

మొన్న ఆదివారం మా మునిమనవరాలు నా కళ్ళజోడును నీళ్ళ బకెట్టులో వేసి, చేపలా ఈదుతుందేమోనని చూసింది. దానికి నాలుగేళ్ళు. వాళ్ళమ్మ, అంటే నా మనవరాలు, చెయ్యెత్తింది. "చెయ్యి దించవే. ఏడేళ్ళు నిండని బిడ్డ చేసింది ఏదీ నేరం కాదు. ఎనభై రెండు!" అన్నాను. మనవరాలు గుడివాడ కోర్టులో ప్లీడరు. చెయ్యి దించి నవ్వేసింది. "ఇప్పుడది ఎనభై రెండు కాదు అమ్మమ్మా. కొత్త చట్టంలో ఇరవై" అంది. కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నాను గానీ ఆ మాట నాకు మింగుడుపడలేదు. నాకు ఎనభై రెండంటే అంకె కాదు, మా ఆడపడుచు.

దివిసీమకు కోడలిగా వచ్చేనాటికి నాకు పద్దెనిమిదేళ్ళు, అక్షరం ముక్క రాదు. మా పుట్టిల్లు గుడివాడ దగ్గర పల్లె. అమ్మ నాట్లకూ కోతలకూ వెళ్తే చెల్లెళ్ళను చంకనేసుకుని ఇంట్లో ఉండిపోయేదాన్ని. వాళ్ళు బడికి వెళ్ళారు, నేను వాళ్ళను దిగబెట్టి వచ్చేదాన్ని. అలాంటి నన్ను తెచ్చి మిషన్ బడి హెడ్‌మాస్టారింట్లో పడేశారు. మావారికి బందరులో ఉద్యోగం, శనివారం వచ్చి సోమవారం వెళ్ళేవారు. మిగతా రోజులు మావయ్యగారూ, అత్తయ్యగారూ, నేనూ, అలమర నిండా పుస్తకాలూ. సాయంత్రం దీపం వెలిగించగానే చాప మీద కుటుంబ ప్రార్థన. ఒక్కొక్కరూ బైబిలు నుంచి ఒక వాక్యం చూడకుండా చెప్పాలి, అదెక్కడుందో కూడా చెప్పాలి. నిన్నటిది ఇవాళ చెల్లదు. నా దగ్గర ఉన్నవి మూడే. అందులో ఒకటి, తప్పించుకోవాలనుకునే పిల్లలందరూ చెప్పే అతి పొట్టిది. మూడు రోజుల్లో నా సరుకు అయిపోయింది.

అప్పటినుంచి నన్ను గట్టెక్కించింది మా ఆడపడుచే. బందరు హాస్టల్లో ఉండి బి.ఏ. పరీక్షలు రాసి ఇంటికొచ్చి ఉంది. నాకంటే ఏడాది పెద్దదైనా నన్ను "వదినా" అనే పిలిచేది. నేను వంట చేస్తుంటే పక్కన కూర్చుని వాక్యం చదివేది, రెండోసారి నేనే ఒప్పజెప్పేదాన్ని. చదువు లేనివాళ్ళకు చెవులే పలకలు. "నీ బుర్ర నాకిస్తే పరీక్షలన్నీ ఫస్టులో ప్యాసవుదును వదినా" అనేది. "ఇస్తే మరి పులుసులో ఉప్పెవరు గుర్తుపెట్టుకుంటారు?" అనేదాన్ని.

మా వాళ్ళలో ఆ రోజుల్లో చదివిన ఆడపిల్లకు రెండే దారులు, నర్సో టీచరో. మావయ్యగారు ఆమె పేరున టీచరు ట్రైనింగుకు దరఖాస్తు నింపి, సోమవారం పోస్టు చెయ్యాలని గూట్లో పెట్టారు. ఆమె ఆ గూటి వైపు చూసేది కాదు. ఎందుకో నాకు తెలియదు. తెలిసిందల్లా, ఆ ఎండాకాలం ఆమె చేతిలో కొత్త పుస్తకం ఒకటి కనబడుతోందని. నల్ల అట్ట, ఇటుకంత లావు. నేను పెరట్లో రొయ్యలు ఒలుస్తుంటే అటూ ఇటూ నడుస్తూ ఇంగ్లీషులో ఒక ముక్క చదువుకుని, దాన్నే తెలుగులో పైకి చెప్పుకునేది. ప్రతి ముక్కకూ ఒక నంబరుండేది. నేనది ఇంగ్లీషు బైబిలనుకున్నాను.

ఆ వారమే బడిలో ఒక ఆరేళ్ళ పిల్ల పక్కపిల్ల బలపం తీసుకుంది. మావయ్యగారు దాన్ని బెంచీ ఎక్కించి, క్లాసంతటి చేతా "దొంగ" అనిపించారట. ఆ పిల్ల మూడు రోజులుగా బడికి రావడం లేదు. ఆ మాట ఆయన ఎత్తేవారు కాదు గానీ కంచంలో అన్నం వదిలేసి లేచిపోతున్నారు.

శుక్రవారం ప్రార్థనలో నా వంతు వచ్చింది. కొత్త వాక్యం దొరికిన ధీమాతో కాస్త గట్టిగానే చెప్పాను: "ఏడేండ్లు నిండని బిడ్డ చేసినది ఏదియు నేరము కాదు. ఎనభై రెండో వాక్యం."

అత్తయ్యగారు అలవాటు కొద్దీ "ఆమెన్" అన్నారు. ఆడపడుచు నా కొంగు పట్టి లాగింది. మావయ్యగారు బైబిలు పేజీలు తిప్పడం మొదలుపెట్టారు.

"ఎనభై రెండు దాకా వెళ్ళే అధ్యాయాలే ఒకటో రెండో. ముప్ఫై ఏళ్ళుగా చదువుతున్నాను, ఇది నా కంటపడలేదే! ఏ గ్రంథంలోదమ్మా?"

"అమ్మాయి చదువుతుంటే విన్నానండీ. నల్ల పుస్తకంలోది."

ఆమె లేచి, లోపల్నుంచి పుస్తకం తెచ్చి తండ్రి ముందు పెట్టింది. "బైబిలు కాదు నాన్నా. లా పుస్తకం. మా స్నేహితురాలి నాన్నగారు బందరులో ప్లీడరు, ఆయనిచ్చారు. నాకు ట్రైనింగు వద్దు. వాల్తేరు వెళ్ళి లా చదువుతాను."

"కోర్టులో మగాళ్ళ మధ్య నుంచుని అరుస్తావా? నిన్నెవడు చేసుకుంటాడే!" అన్నారు అత్తయ్యగారు.

"ఇంట్లో నువ్వు నాన్నతో వాదించట్లేదా అమ్మా? అక్కడైతే వినడానికి జడ్జీ ఉంటాడు, అంతే తేడా."

నాకు ఏడుపొచ్చేసింది. సమయం చూసుకుని మెల్లగా అడుగుదామనుకున్న పిల్ల నోట మట్టికొట్టాను కదా అని. మావయ్యగారు మాత్రం ఎవరి మాటా వింటున్నట్టు లేరు. లాంతరు దగ్గరికి జరుపుకుని ఆ ఎనభై రెండు వెతికి, వేలు పెట్టి రెండుసార్లు చదివారు.

"దీని తర్వాతేముంది?" అన్నారు.

"ఏడు దాటి పన్నెండు లోపైతే, తను చేసేదేమిటో తెలిసేంత బుద్ధి ఎదిగిందో లేదో చూడాలి నాన్నా."

"ఇది రాసినవాడికి పిల్లలున్నట్టున్నారు" అని పుస్తకం మూసి, కళ్ళు కూడా మూసుకున్నారు. ఆ సాయంత్రం ముగింపు ప్రార్థన ఎవరూ చెయ్యలేదు.

మర్నాడు ఒంటిపూట బడి గంట కొట్టకముందే ఆయన ఆ పిల్ల ఇంటికి వెళ్ళారు. తిరిగి వచ్చేటప్పుడు ఆ పిల్ల ఆయన చిటికెన వేలు పట్టుకుని ఉంది, రెండో చేతిలో కొత్త బలపం. సోమవారం దరఖాస్తు గూట్లోనే ఉండిపోయింది. తండ్రీకూతుళ్ళిద్దరూ బందరు బస్సెక్కారు, ప్లీడరుగారిని కలిసి వాల్తేరు సంగతులు కనుక్కోవడానికి. బస్సెక్కే ముందు ఆమె నా చెవిలో, "నా మొదటి కేసు నువ్వే వాదించి గెలిచావు వదినా" అంది.

లా చదివి వచ్చి బందరులో ముప్ఫై ఏళ్ళు ప్రాక్టీసు చేసింది. నాకు నలభై దాటాక, కోర్టు సెలవుల్లో మా ఇంటికొచ్చి కూర్చుని, అక్షరాలు దిద్దించింది. నా వేళ్ళు గరిటె పట్టినట్టే బలపాన్నీ పట్టేవి. "పులుసు కలపట్లేదు వదినా, 'అ' రాస్తున్నావు" అని నవ్వేది గానీ ఒక్కనాడూ విసుక్కోలేదు. గుణింతాలు పూర్తయిన రోజు పలక మీద ఒక వాక్యం రాసి, చదవమని తను వెనక్కి తిరిగి నుంచుంది. కూడబలుక్కుంటూ మొదలుపెట్టాను, ఏ, డే, ళ్ళు... సగంలోనే నాకు తెలిసిపోయింది. అయినా చివరిదాకా ఒక్కో అక్షరమూ చూసే చదివాను. నా అంతట నేను చదివిన మొదటి వాక్యం అది.

ఆమె పోయి పదేళ్ళవుతోంది. పుస్తకం మారిందట, నంబరు మారిందట, మారనీ. మనవరాలిని ఆ ఇరవై తీసి చూపించమన్నాను. తడి ఆరిన కళ్ళజోడు పెట్టుకుని, దాని చేత అర్థం చెప్పించుకున్నాను. కాలం నా ఎనభై రెండును తీసుకుపోయింది గానీ, అందులోని ఏడును మాత్రం ఏడుగానే ఉంచింది.