బియ్యపుగింజంత గీత

అద్దాల తాతయ్యకు ఇంగ్లీషులో వచ్చిన మాటలు రెండే. ఒకటి "ఎస్". రెండోది "ప్లస్ టూ", అది కళ్లజోడు నంబరు. నలభై ఆరేళ్లు కళ్లద్దాలు చేత్తో అరగదీసిన మనిషికి అంతకుమించి అవసరం పడలేదు. అలాంటాయన్ని తీసుకెళ్లి హైస్కూల్లో ఇంగ్లీషు రాని పిల్లల తరగతికి గురువుగా నిలబెట్టారంటే ఎవరు మాత్రం నవ్వరు? అందరికంటే ముందు నవ్వింది ఆయన భార్యే.

"మీకూ రాదు, వాళ్లకూ రాదు. భలే జత కుదిరింది!" అంది.

ఆయన పదకొండో ఏట మేనమామ కొట్లో పనికి చేరాడు. కాలితో తొక్కితే తిరిగే రాయి, దాని మీద చుక్కచుక్కగా పడే నీళ్లు, వేళ్ల మధ్య గాజుబిళ్ల. అదే ఆయన బడి. బొటనవేలితో తడిమి అద్దం నంబరు చెప్పేవాడు. తర్వాత ఫ్యాక్టరీ అద్దాలు వచ్చాయి. కొట్టు కూతురి చేతికీ అల్లుడి చేతికీ వెళ్లింది. తాతయ్యకు మూలనొక కుర్చీ, వదులైన మరలు బిగించే పని మిగిలాయి. పని లేకుండా ఇంట్లో కూర్చోవడం ఒక ఎత్తు, పని జరిగేచోట పని లేకుండా కూర్చోవడం ఒక ఎత్తు. ఆ రెండోది ఎంత కష్టమో అనుభవించినవాడికే తెలుస్తుంది.

ఒకరోజు ఇంగ్లీషు టీచరమ్మ మర ఊడిన కళ్లజోడుతో వచ్చింది. మూలనున్న రాయిని చూసి, అదేమిటని అడిగి, ఆయన చెప్పినంతసేపూ నిలబడే వింది. ఆవిడ తరగతిలో పన్నెండు మంది. ఇంట్లో మాట్లాడే భాష తప్ప ఇంకోటి ఎరగకుండా వచ్చి, ప్రతి పాఠంలోనూ చివరి బెంచీలో తలొంచుకుని కూర్చునే పిల్లలు.

"నోరు తెరవమంటే తెరవరండీ. చేతికి పని, చెప్పడానికి విషయం ఉంటే నోరు దానంతటదే తెరుచుకుంటుంది," అంది టీచరమ్మ. "ఈ ఏడాది వాళ్లతో టెలిస్కోపు అద్దం చేయించండి. మీరు మన భాషలోనే నేర్పండి. చేసిందంతా వాళ్లు ఇంగ్లీషులో రాసుకుంటారు. ఏడాది చివర కొండమీది అబ్జర్వేటరీకి తీసుకెళదాం. అక్కడి శాస్త్రవేత్తకు మన భాష రాదు. అంతా వీళ్లే చెప్పాలి."

అలా సైకిళ్ల షెడ్డులో పని మొదలైంది. ఇసుక నింపిన డ్రమ్ము మీద ఆరంగుళాల గాజుబిళ్ల ఒకటి బిగించారు. దాని మీద ఇంకోటి. నడుమ గరుకు పొడి, కాసిని నీళ్లు. ముందుకు తోయాలి, వెనక్కి లాగాలి, ఒక అడుగు పక్కకు వేయాలి. అంతే. గానుగెద్దులా డ్రమ్ము చుట్టూ తిరుగుతూ అదే చేయాలి.

"రెండూ బల్లపరుపుగానే ఉన్నాయిగా?" అన్నాడు తాతయ్య మొదటిరోజు. "వారం తర్వాత చూడండి."

వారం తర్వాత పైబిళ్లలో గుంట పడింది, కింది బిళ్ల ఉబ్బింది. చెక్కినవాడు లేడు, అచ్చు పోసినవాడు లేడు. ఊరికే రుద్దితే ఆ వంపు దానంతటదే వచ్చి కూర్చుంది. పన్నెండు నోళ్లు తెరుచుకున్నాయి. చిన్నప్పటి నుంచీ తెలిసిన సంగతే అయినా, వాళ్ల మొహాలు చూశాక తాతయ్యకూ ఒళ్లు జలదరించింది. ఇంత విచిత్రాన్ని చేతుల్లో పెట్టుకుని ఇన్నేళ్లూ మామూలుగా ఎలా ఉన్నానా అనుకున్నాడు.

నియమం ఒక్కటే. పొడి ఆరుసార్లు మారుతుంది, గరుకు నుంచి మెత్తనికి. మారిన ప్రతిసారీ మోచేతుల దాకా కడుక్కోవాలి, చొక్కా చేతులు పైకి మడవాలి, కింద పరిచిన కాగితాలు పారేయాలి. మెత్తటి పొడిలో పాత గరుకు రేణువు ఒక్కటి పడిందా, ఏడాది కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

ఆ నియమం అందరికంటే శ్రద్ధగా పాటించేది గుసగుస. పదిహేనేళ్ల పిల్ల. ఏ భాషలో మాట్లాడినా పక్కవాడి చెవి దాకానే వెళ్లేది ఆ గొంతు, అందుకే ఆ పేరు. చలికాలమంతా ఊదారంగు స్వెట్టరు విప్పేది కాదు. పని మాత్రం అందరికంటే సమంగా చేసేది.

ఇల్లలకగానే పండగ కాదంటారు. ఎర్రపొడితో మెరుగు పెడుతున్నప్పుడు తాతయ్య అద్దాన్ని కిటికీ వెలుగులో వాల్చి చూశాడు. అంచుకు రెండంగుళాల లోపల, బియ్యపుగింజంత గీత.

ఆఖరి పొడి ఆఖరి గంట రుద్దింది ఆయనే. పిల్లలకు పరీక్ష ఉందని ఒక్కడే పూర్తిచేశాడు. కొన్ని నెలలుగా కుడిచెయ్యి కొద్దిగా వణుకుతోంది కూడా. గీత పోవాలంటే రెండు పొడులు వెనక్కి వెళ్లాలి, అంటే మూడు వారాలు. ప్రయాణం ఎనిమిది రోజుల్లో ఉంది.

పిల్లలకు చెప్పలేదు. ఇంట్లోనూ చెప్పలేదు కానీ, ఆయన భార్య ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం.

"ఏం పగలగొట్టారు?" అంది కంచం దగ్గర.

"నా చెయ్యే. పని అయిపోయింది దానికి," అన్నాడు.

మరునాడు టీచరమ్మ, వచ్చే ఏడాది ఎనిమిదంగుళాలది చేద్దామంది. "కళ్లు ఆనడం లేదమ్మా, ఇంకెవరినైనా చూసుకోండి," అని అబద్ధమాడేశాడు తాతయ్య. ఈ పిల్లల ఏడాదిని పాడుచేసింది చాలు, ఇంకో తరగతిని కూడా పాడుచేయాలా?

కొండమీది గుండ్రటి కప్పు కింద పెద్ద టెలిస్కోపు ఉంది. దాని అద్దం ఒక గది వెడల్పు. బస్సులో చెవులు చిల్లులు పడేలా అరిచిన పిల్లలు అక్కడ ఊపిరి కూడా మెల్లగా పీల్చారు. తాతయ్య చూసి చూసి, "ఇదీ రుద్దిందేనా?" అని అడగమన్నాడు. ఒక పిల్లవాడు అడిగాడు. రబ్బరు చెప్పులతో, నెరిసిన జుట్టుతో ఉన్న శాస్త్రవేత్తమ్మ నవ్వి ఏదో అంది.

"అవునట తాతయ్యా. ఇంకో దారి లేదట. రెండేళ్లు రుద్దారట."

తాతయ్య తెలియకుండానే చేతులు జోడించాడు.

తర్వాత చీకటిగదిలో పరీక్ష. దీపం వెలిగించి, బ్లేడు అంచు అడ్డంపెట్టి, అద్దం మీద నీడలు చూసింది శాస్త్రవేత్తమ్మ. మళ్లీ చూసింది. వెంట్రుకను వెయ్యి పాయలు చేస్తే అందులో ఒక పాయంత, అంతకుమించి తేడా లేదని పిల్లలు తిప్పి చెప్పారు. అప్పుడామె వేలు గీత దగ్గర ఆగింది. ఏదో అడిగింది.

అడిగిందేమిటో తాతయ్యకు భాష అక్కర్లేకుండానే తెలిసింది. నేల చూపులు చూశాడు.

గుసగుస లేచి నిలబడింది. ఇంగ్లీషులో మాట్లాడింది, గదంతా వినబడేలా. తాతయ్యకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఆ పిల్ల స్వెట్టరు చేతి మడత విప్పి చూపించింది. అందులోంచి రేణువేదో తీసినట్టు వేళ్లు కలిపింది. గాలిలో అద్దం రుద్దింది, ఉలిక్కిపడి ఆగింది, చెవి మీద చెయ్యి పెట్టుకుంది.

కర్‌ర్‌మనే ఆ చప్పుడు తాతయ్యకు తెలియనిదా? మిగతాదంతా తెలిసిపోయింది.

"నువ్వా తల్లీ?"

"ఆఖరి పొడి వేసిన మొదటిరోజే తాతయ్యా. కడుక్కున్నాను, మడతలో చూసుకోలేదు. చెబుదామని ఎన్నిసార్లో వచ్చాను, నోరు రాలేదు." కళ్లనీళ్లు కారుతున్నాయి.

"మరి ఇంతమందిలో ఎలా చెప్పావే?"

"మన మాటల్లో అయితే భయం. ఇంగ్లీషు మాటలు నాకు కొత్త కదా. వాటితో నన్నెవరూ ఇంకా తిట్టలేదు."

తేలు కుట్టిన దొంగలా ఇన్నాళ్లూ నోరు కుట్టుకున్న పిల్ల మీద కోపం రావాలి, న్యాయానికి. తాతయ్యకు వచ్చింది సంతోషం. సిగ్గు లేకుండా పొంగిపోయాడు. కుడిచెయ్యి ఎత్తి చూసుకున్నాడు. వణుకుతూనే ఉంది. వణుకుతూనే వెంట్రుకలో వెయ్యోవంతు తేడా రాకుండా రుద్దింది ఈ చెయ్యి!

ఆ గీత వెలుగును ఆపదని, కిటికీ మీద ఈగ వాలినంతేనని శాస్త్రవేత్తమ్మ చెప్పింది. మధ్యాహ్నానికి అద్దానికి మెరుపు పూత పూసి గొట్టంలో బిగించారు. నాలుగింటికి నీలం ఆకాశంలో సగం చందమామ వెలవెలబోతూ ఉంది. పిల్లలు తాతయ్యనే ముందుకు తోశారు.

ఊరందరికీ చూపు తయారుచేసిన మనిషి మొదటిసారి అంత దూరం చూశాడు. గుంటలు, వాటి గట్లు, పొద్దు తగిలిన కొండకొసలు. అక్కడా ఎవరో గరుకు పొడితో పని మొదలుపెట్టి మధ్యలో వదిలేసినట్టే ఉంది. ఎంతసేపు చూశాడో తెలియదు. కన్నీళ్లకు కంటిదగ్గరి అద్దం తడిసిపోయింది. గుసగుస జేబురుమాలు తీసింది.

"మెల్లగా తుడువు, గీత పడుతుంది," అన్నాడు.

దిగివస్తున్న బస్సులో టీచరమ్మ పక్కకు జరిగి కూర్చున్నాడు. "ఎనిమిదంగుళాలన్నారు కదా. పది చేద్దామమ్మా."

తర్వాత వెనక్కి తిరిగి గుసగుసను పిలిచాడు.

"సోమవారం పొద్దున్నే రా. పొట్టి చేతుల చొక్కా వేసుకుని."