విమానానికి లారీ పెయింటు

ఎర్రిబాబుకి కోపం ముక్కు మీదే ఉంటుందని అనకాపల్లి బైపాస్ పక్కన టీకొట్టులో ఎవరినడిగినా చెబుతారు. ముప్పై ఏళ్లుగా లారీలకు రంగులేస్తున్న మనిషి. వెనక తలుపు మీద అతను చిలకల జంటను వేస్తే, వెనకొచ్చే డ్రైవరు హారన్ కొట్టడం మరిచిపోయి చూసేవాడట. అలాంటి చేతికి నాలుగేళ్లుగా సరైన పని లేదు. పూడిమడక రోడ్డులో ధనరాజ్ స్టిక్కర్ల కొట్టు పెట్టాడు మరి. చిలకలు, తామరపూలు, దేవుళ్లు, అన్నీ మిషను మీద కోసి గంటలో అంటించి పంపేస్తాడు. ఇంతకీ ఈ ధనరాజ్ ఎవరనుకున్నారు? పదేళ్లు ఎర్రిబాబు దగ్గరే బ్రష్షులు కడిగి పని నేర్చుకున్నవాడు. ఆ పేరు వింటే చాలు, ఎర్రిబాబుకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

అతని కూతురు దివ్య పాలిటెక్నిక్‌లో ఆఖరి సంవత్సరం. డ్రోన్లు తయారుచేసే కంపెనీ వాళ్లు ఆదివారం కాలేజీ గ్రౌండుకి వస్తామన్నారు. సొంతంగా చేసిన విమానాన్ని బాగా ఎగరేసిన ఇద్దరికి ఉద్యోగం. దివ్య రెండు నెలలు నడుం విరిగేలా కూర్చుని, చేపల పెట్టెల థర్మోకోల్ కోసి, ఎవరో వాడి వదిలేసిన మోటారూ రిమోటూ సంపాదించి, పాతకాలపు యుద్ధ విమానం ఒకటి తయారు చేసింది. రెక్కల పొడవు మీటరు, బరువు ఆరువందల గ్రాములు. ఒక రెక్కకీ తోకకీ పల్చటి ఎర్ర స్టిక్కరు పట్టీలు వేయించింది.

ఆ పట్టీలు ధనరాజ్ స్వయంగా అంటించాడని శుక్రవారం పొద్దున్న దివ్య తల్లి చిన్నమ్మలు నోరు జారింది. ఎర్రిబాబు తింటున్న కంచం తోసేశాడు.

"నా ఇంట్లో ఆడి స్టిక్కరేటి? పెయింటర్ కూతురికి రంగు కరువైపోయిందేటి?"

దివ్య కాలేజీకి వెళ్లగానే విమానాన్ని షెడ్డుకి పట్టుకుపోయాడు. స్టిక్కరు పీకితే దాంతోపాటు థర్మోకోల్ గింజలూ ఊడొచ్చాయి. గుంటలకి పుట్టీ పెట్టాడు. థిన్నరు తగిలితే థర్మోకోల్ కరిగిపోతుందని కూతురు ఎప్పుడో చెప్పింది గుర్తే. అందుకే నీళ్ల రంగు వాడి, తన తెలివికి తనే మురిసిపోయాడు. ఒంటికంతా రెండు పూతలు వేశాడు. ఇక లారీ పెయింటర్ పనితనమంతా వెనక భాగంలోనే కదా, రోడ్డు మీద అందరూ చూసేది దాన్నే. అంచేత తోకకి పుట్టీ నున్నగా పట్టించి, మూడు పూతలు వేసి, ఆ పైన మూడు రంగుల చక్రాలూ, అంచుల వెంట తీగలూ పూలూ దిద్దాడు. తన బతుకులో ఇంత ముచ్చటైన పని చేయలేదనిపించింది. సాయంత్రం దివ్య అడిగితే, ఆరుతోంది, పొద్దున్న చూద్దువుగానిలే అన్నాడు.

శనివారం పొద్దున్న దాన్ని చేతిలోకి తీసుకోగానే దివ్య ముఖం మాడిపోయింది. తూస్తే తొమ్మిదివందలు దాటింది.

"నాన్నా, బరువంతా తోకలోనే ఉంది. ఇది నిలబడదు."

"పది టన్నుల బెల్లం మోసే లారీకి అడ్డురాని పెయింటు దీనికి అడ్డొచ్చిందేటి? ఎగరెయ్యి, సూత్తాను."

మునగపాక దారిలో చెరకు కొట్టేసిన పొలంలో ఎగరేసింది. విమానం తాటిచెట్టంత ఎత్తు లేచి, ముక్కు ఆకాశంకేసి పెట్టి, ఒక్క క్షణం తోక మీద కూర్చున్నట్టు ఆగి, దభీమని పడింది. తోక నుజ్జయింది, ఒక రెక్క విరిగింది. మోటారు మాత్రం బతికింది.

"మోటారుకి సత్తువ లేదు," అన్నాడు ఎర్రిబాబు, ముందే గొంతు పెంచి.

దివ్య తండ్రికి ఎదురు చెప్పి ఎరగని పిల్ల. ఆ రోజు చెప్పింది.

"మోటారు మీదకి తొయ్యకు నాన్నా. నీ కోపం ధనరాజ్ మీద. ఆడితో తేల్చుకోలేక నా ఉద్యోగం మీద పెయింటు కొట్టేసేవు. ఆ పట్టీలు అందానికనుకున్నావేటి? తెల్ల ఇమానం ఎండలో పైకెల్తే ఎటు తిరిగిందో కిందున్న నాకు కనపడదు. ఎరుపుంటేనే తెలుత్తాది. ఒక్క మాట అడిగుంటే సెప్పేదాన్ని కదా."

ఎర్రిబాబుకి ఒళ్లు మండిపోయింది. చెయ్యెత్తాడు కూడా. ఎత్తిన చేత్తో ఏం చెయ్యాలో తెలియక వంగి విరిగిన రెక్క తీశాడు. దాని మీద అతను వేసిన రంగు చెక్కుచెదరకుండా మెరుస్తోంది. అది చూసి ఇంకా మండింది. రెక్కను మోకాలికేసి రెండు ముక్కలు చేశాడు.

ఇంటికొచ్చాక ఒకరి ముఖం ఒకరు చూడకుండానే పనిలో పడ్డారు. అతను చేపల పెట్టెలు తెచ్చాడు. ఆమె గీత గీస్తే అతను కోశాడు. రెక్కలూ తోకా కొత్తవి పెట్టారు. ఒంటి మీది రంగుని తడి గరుకు కాగితంతో వచ్చినంత మేరా అతనే గీకాడు, గీకినంతసేపూ పళ్లు కొరుకుతూనే ఉన్నాడు. మూడయ్యేసరికి విమానం తెల్లగా, తేలిగ్గా తయారైంది. ఇక ఎరుపొక్కటే తక్కువ. రంగేస్తే మళ్లీ బరువు.

"ధనరాజ్ కొట్టుకెల్లి అంటించుకొత్తాను," అంది దివ్య.

"కూకో. తెచ్చేది నానే, అంటించేదీ నానే."

ఆదివారం అది ఎగిరిందనీ, లిస్టులో దివ్య పేరు రెండోదనీ ఇప్పుడు వీధంతా తెలుసు. వీధికి తెలియనిది శనివారం సాయంత్రం ధనరాజ్ కొట్లో జరిగింది.

ఎర్రిబాబు గుమ్మంలో కనబడగానే ధనరాజ్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఏటి మేస్త్రీ, ఇలాగొచ్చేరు?"

"ఎర్ర స్టిక్కరు. పల్సటిది. రెండు మూరలు."

ధనరాజ్ కోసి చుట్టి ఇచ్చాడు. "పాప ఇమానానికేనా? నానొచ్చి అంటించేత్తాను, ఐదు నిమిసాల పని."

"నీ మొకం నా గుమ్మంలో కనపడ్డానికి ఈల్లేదు. నాకు సేతుల్లేవేటి?"

చుట్ట చంకలో పెట్టుకుని విసురుగా మెట్లు దిగాడు. బండి దాకా వెళ్లి ఆగిపోయాడు. బతుకంతా రంగు తప్ప ఇంకోటి ముట్టని చేతులు. స్టిక్కరు ఒక్కసారి వంకరగా అంటుకుంటే మళ్లీ పీకాలి, పీకితే థర్మోకోల్ ఊడొస్తుంది. ఇంకో రెక్క కోసే వ్యవధి లేదు. నోటి దాకా వచ్చిన బూతుని మింగి, మళ్లీ మెట్లెక్కాడు.

ధనరాజ్ ఇంకా నిలబడే ఉన్నాడు. ఎర్రిబాబు చుట్ట విప్పి బల్ల మీద పరిచాడు. ముఖం గోడకేసి తిప్పుకున్నాడు.

"ముడత పడకుండా ఎలా అంటించాలో సూపించు," అన్నాడు. "మెల్లగా సూపించు. నేర్సుకోవాలి."