డి డ్రైవ్‌లో అన్న గొంతు

సూర్యాపేటలో పదిహేనేళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. మా దగ్గర ఫార్మాట్ కొట్టడమంటే సి డ్రైవ్ తుడిచి విండోస్ మళ్లీ ఎక్కించడమే. డి జోలికి ఎవరూ పోరు. పెళ్లి ఫోటోలు, పొలం కాగితాలు అన్నీ అందులోనే ఉంటాయి. ఈ అలవాటు నేర్పింది మా అన్నే. కోదాడలో ఆయనకు టైపింగ్ షాపు ఉండేది.

అన్న పోయాక షాపు వదిన నడుపుతోంది. ఆమెకు చూపు అంతంతమాత్రం. కాగితం చూసి కొట్టలేదని అన్న బతికున్నప్పుడే రకరకాల అర్జీలు తన గొంతుతో చదివి రికార్డు చేసి డిలో పెట్టాడు. ఇయర్‌ఫోన్లలో అవి వింటూనే వదిన టైపింగ్ నేర్చుకుంది. ఆయన పోయాక కూడా రోజూ షాపు తెరవగానే ఒకటి పెట్టుకునేది.

కంప్యూటర్ ముసలిదైంది. విండోస్ తెరుచుకునేలోపు గిరాకీ లేచిపోయేది. విండోస్ బదులు లినక్స్ వేద్దామన్నాను గానీ, ఏ రకం వేయాలో తేలక వారం తల బద్దలు కొట్టుకున్నాను. ఉబుంటు ఆ రెండు జీబీ ర్యామ్‌కు బరువు. ఇంకొకటి తేలికే గానీ ప్రతిదానికీ కమాండ్లు కొట్టమంటుంది. చివరికి మింట్ అనే లినక్స్‌లో తేలిక రకం తీసుకున్నాను. మెనూ పాతదానిలాగే ఎడమ మూలన ఉంటుంది, వదిన బెదరదు. పెన్‌డ్రైవ్ మీద నడిపి చూపిస్తే తెలుగులో అన్న పేరు కొట్టి సంబరపడింది.

"డిల ఉన్నయి పోవు గద తమ్మీ?" అని అడిగింది.

"డి ఎందుకు పోతది వదినా," అన్నాను.

ఎక్కించేటప్పుడు డిస్కు తుడవమంటావా అని తెర మీద ప్రశ్న వచ్చింది. తుడవమన్నాను. నా బుర్రలో అది సి. లినక్స్‌కు సి, డి అన్న పేర్లే లేవు, డిస్కంటే మొత్తం డిస్కే. ఆ సంగతి చదివాను కూడా. చదివినా చెయ్యి అలవాటుకొద్దీ నొక్కేసింది, డి కూడా తుడిచిపెట్టుకుపోయింది. కాపీ తీసిపెట్టుకోండని ఊరందరికీ చెప్పేవాణ్ణి, ఇక్కడ తీయలేదు. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది.

పోయిన ఫైళ్లు తిరిగి తీసేవాడు మిర్యాలగూడలో ఉన్నాడంటే డిస్కు పట్టుకుని బస్సెక్కాను. రెండు రోజులు తంటాలు పడి అంకెల పేర్లతో కొన్ని ఫైళ్లు ఇచ్చాడు. ఒక్కదాంట్లోనూ గొంతు లేదు. తిరిగొస్తుంటే నామీద నాకే అసహ్యం వేసింది. అన్నను రెండోసారి నేనే చంపాననిపించింది.

వదినకు చెప్పాను. ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "డిల పెడితే ఏడికీ పోదని ఆయనే చెప్పిండు గద," అంది.

ఇప్పుడు కంప్యూటర్ నిమిషంలో లేస్తుంది. గిరాకీ కూడా పెరిగింది. అర్జీలు పెట్టుకునేవాళ్లు పక్కన కూర్చుని చెబుతుంటే వదిన కొడుతుంది.

మొన్న వెళ్లేసరికి షాపులో ఎవరూ లేరు. వదిన చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని టైపు చేస్తోంది. వాటి తీగ చివర దేనికీ తగిలించకుండా బల్ల మీద పడి ఉంది. తెర మీద అన్న చదివిపెట్టిన మొదటి అర్జీ, అక్షరం పొల్లుపోకుండా ఉంది.